పద్నాలుగు దాకా ఆమెన్

నా ఊపిరి ఎక్కడ తెగిపోతోందో నాకంటే ముందు కనిపెట్టినాయన మా సంఘస్థుడు కాదు, డాక్టరూ కాదు. మా చర్చికి రెండు వీధుల అవతల, ఆదివారం పొద్దున డాబా మీద కూర్చుని కాఫీ తాగే ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు. మా చర్చి నెత్తిన రెండు గొట్టం మైకులుంటాయి. ఒకటి బజారు వైపు, రెండోది సరిగ్గా ఆయన డాబా వైపు. నర్సీపట్నంలో మా ఆరాధన మాకెంత వినబడుతుందో ఆయనకీ అంతే వినబడేది.

అప్పటికి పదేళ్లుగా ఆరాధనలో పాట ఎత్తుకునేది నేనే. ఎత్తుకోవడమంటే ప్రతి చరణమూ ముందు ఒక్కదాన్నే పాడి, సంఘమంతా అందుకునేలా దారి చూపించడం. నాకు నోరెక్కువని అందరూ అంటారు గానీ, పాట దగ్గరికొచ్చేసరికి ఆ నోరే నా పరువు నిలబెట్టేది. అలాంటిదాన్ని ఉబ్బసం పట్టుకుంది. నాతవరం అవతల పల్లెలో నా బడి. రోజూ షేర్ ఆటోలో రోడ్డు దుమ్మంతా మింగుతూ పోయి రావడం. రానురాను రెండో చరణానికి వచ్చేసరికి గాలి చాలేది కాదు. పక్కావిడ గమనించి అందుకునేది. ఎవరికీ తెలియలేదనే నేననుకున్నాను.

ఒక సాయంత్రం మందుల షాపులో ఆయాసానికి పీల్చే పఫ్ఫు కొనుక్కుంటుంటే, ఖాకీ నిక్కరు వేసుకున్న ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి అడిగాడు.

"ఏటమ్మా, మైకులో పాటెత్తుకునే టీచరమ్మవి నువ్వేనా?"

"అవునండీ."

"రెండో సరణం కాడ నీకు ఊపిరి తెగిపోతంది. ఆరు నెల్లబట్టి మా డాబా మీంచి ఇంతన్నాను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నలుగురిలో నా గుట్టు బయట పెట్టడానికి ఈయనెవరు? "మీకెందుకండీ?" అన్నాను, కొంచెం గట్టిగానే.

"నాకేటుంది? పాట బాగుంతాది. సగంలో తెగిపోతే నాకు కాఫీ సయించడం నేదు," అన్నాడాయన తాపీగా. "పొద్దున్న ఆరింటికి మా డాబా మీద యోగా నేర్పుతాను. ఒకపాలి రా. ఆ పఫ్ఫు మాత్రం మానీకు."

నాలుగు రోజులు తిట్టుకున్నాను. అయిదో రోజు ఆయాసం వచ్చి మంచం మీద కూర్చునే తెల్లవార్చాక, చీర కుచ్చిళ్లు సర్దుకుని వెళ్లాను.

డాబా మీద పదిమంది దాకా ఉన్నారు. బెల్లం వ్యాపారి, ఇద్దరు గృహిణులు, పాడేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న ఒక నర్సమ్మ, ఇంకా అలాంటి వాళ్లే. అందరూ కళ్లు మూసుకుని ఒక్కసారిగా ఓంకారం మొదలుపెట్టారు. పెదాలు బిగించేసి, బొమ్మలా కూర్చున్నాను. బాప్తీస్మం తీసుకున్నదాన్ని, నాకిక్కడేం పని అనిపించింది. లేచి వచ్చేద్దామనుకునేలోపే మాస్టారు నా ఎదురుగా వచ్చి చతికిలబడ్డారు.

"పాట అయిపోనాక మీ గుళ్లో ఏటంతారు?"

"ఆమెన్ అంటామండీ."

"అదే అను. పొడుగ్గా లాగు. గాలి మొత్తం అయిపోయేదాకా లాగాల, మరి."

అలా మొదలైంది. వాళ్లు ఓం అంటుంటే నేను ఆమెన్ అనేదాన్ని. 'ఆ' దగ్గర కడుపు, 'మే' దగ్గర ఛాతీ, 'న్' దగ్గర ముక్కు దూలమంతా జుమ్మనేది. ఆయన స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతూ లెక్కపెట్టేవారు. మొదటి రోజు నాది నాలుగు. నాలుగంటే నాలుగే. బెల్లం వ్యాపారి ముప్ఫై దాకా లాగాడు, నాకు తల కొట్టేసినట్టయింది.

"గాలిని దొంగతనంగా తీసుకుంతన్నావేటి? నీదే అది. నిదానంగా తీసుకో," అనేవారు మాస్టారు. నాలుగు నుంచి ఆరుకి, ఆరు నుంచి తొమ్మిదికి ఎక్కాను. ఏ రోజూ "బాగుంది" అన్న పాపాన పోలేదాయన. ఎంత లాగినా "ఇంకోటి" అనేవారు. ఆ మాటకి నాకు మండుకొచ్చేది. ఆ మంటతోనే మర్నాడు ఇంకోటి లాగేదాన్ని. ఏడాది తిరిగేసరికి పద్నాలుగు. ఆదివారం రెండో చరణం నేనే పూర్తిచేశాను. సోమవారం డాబా ఎక్కగానే ఆయన, "నిన్న కాఫీ మొత్తం తాగేసినాను," అన్నారు. నేను కొంగులో మొహం దాచుకుని ఏడ్చాను.

ఆ ఏడాదిలో నాకు ఇంకొకటి జరిగింది, అది ఎవరికీ చెప్పుకోలేదు. అంతకు ముందు నా ప్రార్థన అంటే దేవుడికి పనుల చిట్టా చదివి వినిపించడమే. పెనిమిటి మోకాళ్ల నొప్పి, అమ్మాయి పరీక్షలు, డీఏ బకాయిలు. ఇప్పుడు మోకరించాక ముందు ఊపిరి చూసుకునేదాన్ని. తీసుకుంటూ 'ప్రభువా', విడిచిపెడుతూ 'నీ దయ'. కాసేపటికి చిట్టా మర్చిపోయేదాన్ని. ఎదురుగా ఎవరో కూర్చుని నేను చెప్పేది వింటున్నారని చిన్నప్పట్నుంచీ నమ్మాను. నిజంగా వింటున్నట్టు తెలిసింది మాత్రం ఆ ఏడాదే. నా ప్రభువుని నాకు ఇంకొంచెం దగ్గరగా జరిపింది విభూతి పెట్టుకునే ఒక డ్రిల్లు మాస్టారు. ఇది ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేం సిగ్గు లేదు. అప్పుడుండేది.

గురుపౌర్ణమి వచ్చింది. అందరూ పళ్లెంలో ఆయన పాదాలు కడిగి పూలు వేశారు. మనిషికి మొక్కడం మాకు లేదు. నేను పిట్టగోడ దగ్గర నిలబడిపోయాను. నా ఇబ్బంది ఆయన చూశారు. "టీచరమ్మా, ఆ కొబ్బరి సెక్కలు ముక్కలు కోసి పెట్టమ్మా, బేగి," అని నాకో పని పురమాయించి ఒడ్డున పడేశారు. ఫలహారాల దగ్గర నేను వెనక్కి తగ్గాను. పూజలో పెట్టినవి మేం తినం. ఆయన భార్య విడిగా మూతపెట్టిన పళ్లెం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇయ్యి పూజకి ముందే తీసి ఒగ్గీమన్నారమ్మా మీ మాస్టారు. నీకు ఇబ్బంది నేదు, తిను."

నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి. అంత ముందుగా ఆలోచించిన మనిషికి దణ్ణం పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

ఆ రోజు ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. మధ్యలో పూలదండతో మాస్టారు, మూలకి కొబ్బరిచిప్ప పట్టుకుని నేను. రెండు రోజుల్లో అది మా సంఘం గ్రూపులోకి వచ్చి పడింది. ఎవరు పంపారో నాకు తెలుసు, వదిలేద్దాం.

మా పాస్టరు అయ్యగారు చిన్నవాడు, మంచివాడు. నా కొడుకు వయసుంటుంది. ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, తల వంచుకుని చెప్పాడు. "అమ్మా, పెద్దలు ఒప్పుకోవడం లేదు. గురువుని పెట్టుకుని పూజల్లో కూర్చునేవాళ్లకి బల్ల ఇవ్వకూడదంటున్నారు. మీరు సంఘం ముందు ఒక్క మాట చెప్పేస్తే అయిపోతుంది."

బల్ల అంటే ప్రతి నెలా మొదటి ఆదివారం మేం తీసుకునే రొట్టె, ద్రాక్షరసం. పదహారో ఏట బాప్తీస్మం తీసుకున్నప్పటినుంచి నేనొక్క నెలా తప్పలేదు. కాన్పయిన నెలలో కూడా ఆటో కట్టించుకుని వెళ్లాను. మా అమ్మ చివరి రోజుల్లో అన్నం మానేసింది గానీ, ఆ రొట్టెముక్క మాత్రం నోట్లో పెడితే నమిలింది. అది లేకుండా నేనెవరో నాకు తెలీదు. నిజంగా భయమేసింది.

ఆ మొదటి ఆదివారం పాట అయ్యాక మైకు నా చేతికిచ్చారు. లేచి నిలబడి గడగడా చెప్పేశాను. "అది వ్యాయామం మాత్రమే. ఆయన నాకు గురువేం కాదు. ఇకమీదట ఆ గడప తొక్కను."

ఆఖరి మాట బయట మార్మోగుతూ తిరిగొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది గొట్టం మైకు. ఎనిమిదిన్నర, ఆయన కాఫీ టైము. ప్రభువెవరో తెలీదని శిష్యుడు మూడుసార్లు బొంకాక కోడి కూసిన కథ సండే స్కూల్లో పిల్లలకి ఏటా చెప్పేదాన్ని నేనే, ఇంకెవరో కాదు. ఆ పూట రొట్టె తీసుకున్నాను. అది గొంతులో దిగడానికి రెండు గుటకలు పట్టింది.

మళ్లీ ఆ వీధికి వెళ్లలేదు. బజారుకి చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. ఇంట్లో ఒక్కదాన్నే సాధన చేద్దామని కూర్చుంటే ఆరు దాటేది కాదు, గ్లాసు మీద చెంచా చప్పుడు లేకుండా నాకు లెక్కే నిలవలేదు. చలికాలం వచ్చేసరికి ఆయాసం తిరగబెట్టింది. పాట పక్కావిడకి ఇచ్చేశాను.

సంక్రాంతి సెలవులు అయ్యాక నర్సమ్మ షేర్ ఆటోలో కనబడి చెప్పింది, మాస్టారికి పక్షవాతం వచ్చిందని, కుడివైపు పడిపోయిందని, విశాఖపట్నం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారని. నేను దారి మధ్యలోనే ఆటో దిగిపోయాను. మాస్టారి వీధిలోకి నడిచాను.

కింద గదిలో మంచం మీద పడుకోబెట్టారు. మూతి ఒక పక్కకి జారింది. నన్ను చూసి చాలాసేపటికి మాట కూడగట్టుకున్నారు.

"ఆయాసం... ఎలగుంది?"

ఇంకేదైనా అని ఉంటే తట్టుకునేదాన్ని. తిట్టినా బాగుండేది. మంచం కోడు పట్టుకుని నేలమీద కూలబడ్డాను. ఆయన భార్య చెంబుతో వేణ్ణీళ్లు తెచ్చింది, ఆయనకి కాళ్లు కడిగి తుడిచే వేళ. చెంబు లాక్కున్నాను. నడుముకి తువ్వాలు చుట్టుకుని శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు నావాడే కదా, మరి ఆ గురుపౌర్ణమి నాడు పిట్టగోడకి అతుక్కుని ఏం కాపాడుకున్నాను నేను? చచ్చుబడిన కుడి పాదం బరువుగా ఉంది. వేళ్ల సందులు కూడా తుడిచాను. ఆయన వద్దనలేదు.

వీధి గుమ్మం దాకా వచ్చిన ఆవిడతో, "పిన్నిగారూ, ఆ ఆదివారం మాస్టారు విన్నారా?" అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"ఇన్నాం. ఇద్దరం డాబా మీదే ఉన్నాం."

"ఏమన్నారు?"

ఆవిడ నవ్వింది. "ఏటంతారమ్మా? నాకు కోపమొచ్చింది గానీ ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, 'సూసినావా, మూడు మాటలూ ఎక్కడా ఊపిరి తెగకుండా సెప్పీసింది' అన్నారు."

ఇంటికి ఎలా వచ్చానో, ఆ రాత్రి ఏం వండానో గుర్తులేదు. మొదటి ఆదివారానికి ఇంకా పది రోజులుంది. పది రోజులూ నాతో నేను పోట్లాడాను. బల్ల పోతుంది. అమ్మ నమిలిన రొట్టె పోతుంది. ఇంతా చేసి ఆ మనిషి నన్నేమీ అడగలేదు కూడా.

ఆ ఆదివారం, ఎవరైనా లేచి తమ అనుభవం చెప్పుకునే సాక్ష్యాల సమయంలో నేనే లేచి వెళ్లి మైకు అందుకున్నాను. "ఆగస్టులో ఇక్కడే నిలబడి ఒక అబద్ధం చెప్పాను," అన్నాను. "ఆయన నాకు గురువు. నా ప్రభువు వేరు, నా గురువు వేరు. ప్రభువు ఊదిన ఊపిరిని ఎలా వాడుకోవాలో ఆయన నేర్పారు. ఆయన మంచంలో ఉన్నారు, ప్రార్థన చేయండి." ఎవరూ 'స్తోత్రం' అనలేదు. నేను కళ్లు మూసుకుని, ఉన్న గాలంతా తీసుకుని, మైకులోకే ఆమెన్ లాగాను. కడుపు, ఛాతీ, ముక్కు దూలం. వెనక బెంచీల్లో ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. గాలి అయిపోయేదాకా ఆపలేదు.

సంఘపెద్ద రొట్టె పళ్లెం పట్టుకుని బెంచీల వెంట వచ్చాడు. నా ఎడమ పక్కావిడకి ఇచ్చి, నన్ను దాటి, కుడి పక్కావిడ ముందుకి జరిపాడు. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. బయటికొచ్చేటప్పుడు అయ్యగారు నా చెయ్యి పట్టుకుని, "నాకు కొంచెం టైమివ్వండమ్మా," అన్నాడు. ఇచ్చాను. ఇంకా ఇస్తూనే ఉన్నాను. ఇప్పటికీ ప్రతి మొదటి ఆదివారం అదే బెంచీలో కూర్చుంటాను, పళ్లెం నన్ను దాటుతుంది. అది అలవాటయ్యే బాధ కాదు.

ఆ రోజు చర్చి నుంచి తిన్నగా మాస్టారింటికి వెళ్లాను. ఆయన మంచాన్ని చర్చి వైపు కిటికీ దగ్గరికి లాగించుకున్నారు. పక్కన స్టూలు మీద స్టీలు గ్లాసు, ఎడమచేతిలో చెంచా. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. వంకరపోయిన మూతితో ఒక్కో మాటా కూడగట్టుకున్నారు.

"పదకొండే. పద్నాలుగు దాకా ఎల్లినదానివి. రేపొద్దున్న బేగి రా."