రెండో గుండిగలో నీళ్ళు

ఘోష్‌ఖాలీ ఊళ్ళో హాజెరా చేతి అన్నం తినని మగాడు లేడు. పెళ్ళయినా, చావు తర్వాత పెట్టే భోజనాలయినా ముందు ఆమెకి కబురు వెళ్ళేది, ఆ తర్వాతే పొయ్యి తవ్వేవాళ్ళు. మొగుడు ఇటుక బట్టీల పనికని పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాక ఆమె ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. గరిటె పట్టుకుంది. ఎంతమందికి ఎన్ని బియ్యం పొయ్యాలో జనాన్ని ఒక్కసారి కళ్ళతో చూసి చెప్పేసేది.

ఆ ఏడు తుఫానుకి కపోతాక్ష నది కట్ట తెగింది. ఊరి చెరువుల్లోకి ఉప్పునీళ్ళు వచ్చేశాయి. సర్కారువాళ్ళు వచ్చి కట్ట వేసేదాకా ఆగితే మిగిలిన ఇళ్ళు కూడా పోతాయని ఊరి మగాళ్ళంతా తట్టలు, పారలు పట్టుకుని దిగారు. ఆటు ఉన్నంతసేపే పని. పోటొస్తే పైకెక్కాలి. పొద్దున్నే బురదలోకి దిగేవాళ్ళ కడుపులో ఏదో ఒకటి పడాలి కదా అని హాజెరా రోజూ సాయంత్రం రెండు గుండిగల నిండా అన్నం వండి, చల్లార్చి, నీళ్ళు పోసి ఉంచేది. తెల్లారేసరికి చద్దన్నం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినేవాళ్ళు.

ఆ నీళ్ళు మోక్సెద్ తెచ్చేవాడు. ఎక్కడో ఎగువన లోతు బోరు ఉంది. అక్కణ్ణుంచి డ్రమ్ముల్లో మంచినీళ్ళు నింపుకుని పడవ మీద వచ్చేవాడు. మాట తక్కువ మనిషి. డ్రమ్ముల మూతలకి కూడా గుడ్డ చుట్టి కట్టేవాడు.

ఒకరోజు అతని పడవ రాలేదు. ఆటుకి నది బాగా తీసేసింది, పడవ ఎక్కడో బురదలో దిగబడి ఉంటుందని అందరూ అనుకున్నారు. పొద్దు వాలుతోంది. ఇంట్లో ఉన్న నీళ్ళు మొదటి గుండిగకే సరిపోయాయి. రెండోదాంట్లో అన్నం పొడిపొడిగా ఆరిపోతోంది. హాజెరా కాసేపు గట్టు మీద నిలబడి చూసింది. తర్వాత బిందె తీసుకుని నది రేవులోకి దిగింది. దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంది. ఆటు చివర కదా, ఉప్పు పెద్దగా తెలియలేదు. 'ఎలాగూ చద్దన్నంలో ఉప్పు వెయ్యాల్సిందేగా' అనుకుంది. బిందెతో నీళ్ళు తెచ్చి రెండో గుండిగలో పోసేసింది.

చీకటి పడే వేళకి మోక్సెద్ వచ్చాడు. డ్రమ్ములు దించుతూ, "ఆలస్యమైపోయింది భాబీ, నడుంలోతు బురదలో దిగి తోసుకొచ్చా. అన్నంలో నీళ్ళు పోశావా?" అన్నాడు.

"పోశాలే," అంది. ఏ నీళ్ళని అతను అడగలేదు. ఆ గుండిగ పారబోసి మళ్ళీ వండొచ్చు, కానీ సాయంగా వచ్చిన బియ్యం అడుగంటాయి. అదొక సాకు. అసలు సంగతి, ఆమెకి బద్ధకం వేసింది.

పొద్దున రెండో గుండిగ కట్టకి పడమటి కొసన పనిచేసేవాళ్ళకి వెళ్ళింది. పక్కింటి కరిమన్ కొడుకు తోరాబ్ అక్కడే ఉన్నాడు. కొత్తగా తండ్రైన వాడు, ఊరికే నవ్వుతూ ఉండేవాడు.

"చాచీ, ఇవాళ ఉప్పు భలే కుదిరింది! ఇంకాస్త వెయ్యి."

"తిండిపోతా! మీ అమ్మ ఇంట్లో వండట్లేదా ఏంట్రా?"

"మా అమ్మ వండుద్ది, తిట్లు కలిపి పెడద్ది. నువ్వు ఉల్లిపాయ కలిపి పెడతావు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె రెండోసారి పెట్టింది.

మర్నాటికి పడమటి కొసన పని ఆగిపోయింది. బియ్యం కడిగిన నీళ్ళలా విరేచనాలు. మనుషులు కళ్ళముందే పీక్కుపోయారు, కళ్ళు గుంటలు పడ్డాయి, పిక్కలు పట్టేసి అరిచారు. మిట్ట మీదున్న బడిలో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు. చాలామంది లేచారు. తోరాబ్, ఇంకో ముసలాయన లేవలేదు. పనిచేసే చేతులు లేక తర్వాతి పెద్ద పోటుకి సగం వేసిన కట్ట కూడా కొట్టుకుపోయింది.

ఏడ్చే జనానికి తిట్టడానికి ఒక మనిషి కావాలి. మోక్సెద్ దొరికాడు. "ఏ గుంటలో ముంచుకొచ్చావురా ఆ నీళ్ళు?" అంటూ రేవులో చుట్టుముట్టారు. మొదటి మట్టిగడ్డ కరిమన్ విసిరింది.

"నా పిల్లలూ ఇవే తాగుతున్నారు! వాళ్ళకేం కాలేదే!" అని మోక్సెద్ అరిచాడు. ఎవరూ వినలేదు. డ్రమ్ములు గొడ్డళ్ళతో పగలగొట్టారు, పడవ కన్నాలు పొడిచారు. హాజెరా అక్కడే ఉంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మోక్సెద్ ఒక్కసారి ఆమె వైపు చూశాడు, తన తరఫున ఒక మాట చెబుతుందని కాబోలు. ఆమె తల దించుకుంది. వారం తిరక్కముందే అతను పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని ఖుల్నా పట్నం పోయాడు.

అప్పటికింకా ఆమె తనకి తాను ఏదో చెప్పుకుంటూనే ఉంది. నది నీళ్ళు చిన్నప్పట్నుంచీ నోట్లో పడుతూనే ఉన్నాయి, వాటివల్ల అయితే ఎప్పుడో అయ్యేది కదా అని. ఆ మాట కూడా నిలవలేదు. ఆసుపత్రి నుంచి వచ్చే నర్సు దీపాలి ఆడవాళ్ళని కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ రోగం ఎవరో తెచ్చి వేసేది కాదక్కా. దీని పురుగు కాపురమే అక్కడ, ఉప్పూ తీపీ కలిసే నదిలో. కంటికి కనపడని నీటిపురుగుల్ని అంటిపెట్టుకుని బతుకుద్ది. ఎండలు ముదిరితే పెరుగుద్ది. మరిగిస్తే చస్తది."

"మరి, చల్లారిన అన్నంలో పోస్తే?" అని హాజెరా అడిగింది.

"ఇంకేముంది, రాత్రంతా మేపినట్టే."

ఆ రోజు నుంచి ఆమెకి అన్నం దిగలేదు. మొదటి గుండిగ తిన్న తూర్పు కొసవాళ్ళు ఒక్కరూ పడలేదని ఆమెకి ముందే తెలుసు. ఎందుకు పడలేదో తెలిసిన మనిషి ఊళ్ళో ఆమె ఒక్కతే. ఎవరైనా వంటకి పిలిస్తే చెయ్యి నొప్పి అనేది. పక్కింట్లో తోరాబ్ బిడ్డ ఏడిస్తే వాకిట్లోంచి లోపలికి పోయి తలుపేసుకునేది.

వానలు తగ్గాక లాంచీ ఎక్కి ఖుల్నా వెళ్ళింది. చేపల రేవులో ఐసు దిమ్మలు మోస్తూ మోక్సెద్ కనిపించాడు. భుజం మీద గోనెసంచి, దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె అంతా చెప్పింది. ఏడవకుండా చెప్పాలనుకుంది, కుదరలేదు.

అతను మోస్తున్న దిమ్మని కింద పెట్టాడు. తర్వాత అన్నాడు, "ఇది నాకెందుకు చెబుతున్నావు భాబీ? నా నీళ్ళు మంచివని నాకు తెలియదా? తెలియంది వాళ్ళకి."

"చెబుతాను. వాళ్ళకీ చెబుతాను. నువ్వు తిరిగొస్తావా?"

"ఆ రోజు నీ వైపు చూశా," అన్నాడు. ఇంకో దిమ్మ ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చాక మొదట కరిమన్ దగ్గరికే వెళ్ళింది. కరిమన్ కత్తిపీట ముందు కూర్చుని బూడిదతో చేపలు తోముతోంది. చెబుతుంటే తోమడం ఆపలేదు. అంతా అయ్యాక అడిగింది.

"మావాడు మళ్ళీ పెట్టమన్నాడా?"

"అడిగాడు."

"పెట్టావా?"

"పెట్టానక్కా."

కరిమన్ చేతిలో చేప జారి బూడిదలో పడింది. దాన్ని తియ్యలేదు. "నా గడప ఇంకెప్పుడూ తొక్కకు," అంది. హాజెరా లేచి వాకిట్లోకి వచ్చేసరికి వెనకనుంచి మళ్ళీ పిలిచింది. "ఆగు. మోక్సెద్ మీద మొదటి గడ్డ వేసింది నేను. రేపు శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక అందరిముందూ చెప్పు. చెబుతావో లేదో నేను వచ్చి నిలబడి చూస్తా."

హాజెరా చెప్పింది. మసీదు ముందు, ఎండలో, తల మీద కొంగు కప్పుకుని. ఎవరో రాయి తీశారు. కరిమన్ "కింద పారెయ్" అంది, అంతే. ఒక పెద్దాయన మాత్రం "ఇన్నాళ్ళూ ముద్ద గొంతు ఎలా దిగిందమ్మా నీకు?" అన్నాడు.

మోక్సెద్ పేరు మీద మచ్చ పోయింది. ఊరివాళ్ళు ఇద్దరు మనుషుల్ని పంపి క్షమాపణ చెప్పించారు, కొత్త డ్రమ్ములు కొనిస్తామన్నారు. అతను రాలేదు. "టీ ఇచ్చాడు, కూర్చోమన్నాడు, రానన్నాడు," అని వెళ్ళినవాళ్ళు చెప్పారు.

ఇప్పుడు ఘోష్‌ఖాలీ ఆడవాళ్ళు మంచినీళ్ళకి గట్టు వెంట నడిచి ఎగువ బోరు దాకా వెళతారు. ముందు కరిమన్, చంకన మనవణ్ణేసుకుని. చివర, కాస్త ఎడంగా, హాజెరా. బిందె బరువుకి నడుం పట్టేసినప్పుడు ఎవరో ఒకరు, "మోక్సెద్ పడవే ఉంటేనా..." అంటారు. అని, వెనకున్నదెవరో గుర్తొచ్చి ఆపేస్తారు. హాజెరా బిందె చంక మార్చుకుని నడుస్తుంది.