రైలు గేటు దగ్గర కిరాయి సైకిళ్లు

సూర్యాపేటలో మా మేనమామకు కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. బైకులు, ఆటోలు పెరిగి గిరాకీ పడిపోయాక ఆయన దుకాణం మూసేసి సైకిళ్లన్నీ మాకు ఇచ్చేశాడు. అప్పటికి నాకు పెళ్లయి రెండేళ్లు. మా ఆయనకు పంక్చర్లు వేయడం, చక్రం వంకర తీయడం బాగా వచ్చు. సైకిళ్లను డీసీఎం లారీలో ఎక్కించుకుని మిర్యాలగూడ చేరాం. "మాకు రైలు లేదు, గాడ ఉన్నది. దిగెటోళ్లకు సైకిళ్లు గావాలె. ఏం పరేషాన్ కాకుండ్రి" అని మామయ్య ధైర్యం చెప్పి పంపాడు.

మామయ్య దుకాణంలో సైకిల్ ఎక్కడ తీసుకుంటే అక్కడే తెచ్చి పెట్టాలి. మా ఆయన ఆ పద్ధతి మార్చాలనుకున్నాడు. రైలు దిగినవాళ్లు స్టేషన్ దగ్గర సైకిల్ తీసుకుని, పనున్న చోటికి దగ్గర్లో మా మనిషికి అప్పజెప్పి పోవచ్చు. అక్కడి నుంచి ఇంకొకరు తీసుకుంటారు. అందుకు ఊళ్లో కనీసం మూడు చోట్లు కావాలి. స్టేషన్ ముందు టీకొట్టు నడిపే కోదాడ ఆవిడ సైకిళ్లు చూసుకోవడానికి ఒప్పుకుంది. మిగిలిన రెండూ బస్టాండు, సినిమా హాలు అని ఆయనే తేల్చేశాడు. జనం ఎక్కడుంటే గిరాకీ అక్కడే అని ఆయన నమ్మకం.

వారమైనా బస్టాండు సైకిళ్లు కదల్లేదు. బస్సు దిగీ దిగగానే ఆటోవాళ్లు చేతిలో సంచి అందుకుని మరీ ఎక్కించుకునేవారు. సినిమాకు వచ్చేవాళ్లు పిల్లాజెల్లాతో వచ్చేవారు, వాళ్లకు సైకిల్ దేనికి? మా ఆయనకు అన్నం సయించలేదు.

మాతోనే ఉండే మా అత్తమ్మ, పక్కనున్న వేములపల్లి పొలాల్లో గొర్రెలు కాసిన మనిషి. వారం రోజులు చూసి, ఒక పొద్దున కొడుకుతో కాక నాతో చెప్పింది.

"జీవాలు ఏడ నిలబడుతయో సూసి గాడ తొట్టి పెడతం గని, తొట్టి పెట్టి జీవాలను రమ్మంటమా? నడువు బిడ్డా, సూసొద్దాం."

మూడు రోజులు ఇద్దరం ఊరంతా తిరిగాం. రైలు గేటు పడితే ఇవతల బారులు తీరేది ఎక్కువగా రైస్ మిల్లులకు పోయే ఆడవాళ్లే. చేతిలో టిఫిన్ డబ్బా, నెత్తిన కొంగు. ఆ దారిన ఆటోలు పోవు కాబట్టి రోజూ నడకే. దవాఖాన ముందు క్యారియర్లు పట్టుకుని ఆదరాబాదరాగా వచ్చేవాళ్లు కనిపించారు. అత్తమ్మ దారి పక్కన చతికిలబడి ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి పోతున్నారు అని కనిపించినవాళ్లందరినీ అడిగింది. ఇంటికి వచ్చాక నేను సుద్దముక్కతో నేల మీద ఆ దారులన్నీ గీశాను. గీతలు ఎక్కువగా కలిసింది గేటు దగ్గర, దవాఖాన దగ్గర. మా ఆయన ఆ ముగ్గు చుట్టూ రెండుసార్లు తిరిగి, బస్టాండు, సినిమా హాలు దగ్గరి సైకిళ్లు తెచ్చి ఆ రెండు చోట్లా పెట్టాడు.

దవాఖాన దగ్గరివి మర్నాటి నుంచే తిరగడం మొదలుపెట్టాయి. గేటు దగ్గరివి మాత్రం నిలబడినచోటే నిలబడ్డాయి. ఆడవాళ్లు వాటిని తడిమి చూసేవారు, బెల్లు కొట్టి నవ్వుకునేవారు, నడుచుకుంటూ వెళ్లిపోయేవారు. ఆ చోటు చూపించింది నేనే కదా అని నాకు తలకొట్టేసినట్టు ఉండేది. నాలుగో రోజు నేను అక్కడే నిలబడి చూస్తుంటే ఒకామె నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"చీర కట్టుకొని గీ రాడ్డు ఎట్ల దాటుతమక్కా? దాటినా నడపరాదాయె."

అంతవరకు ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. చిన్నప్పుడు మామయ్య దుకాణంలో సైకిల్ నేర్చుకున్న నాక్కూడా తట్టలేదు. మా ఆయన సూర్యాపేట పోయాడు. మామయ్య కోదాడ దాకా తిరిగి, మా సైకిళ్లు కొన్ని ఇచ్చి రాడ్డు లేని లేడీస్ సైకిళ్లు మార్పిడి చేయించాడు. మిల్లు వదిలాక బడి మైదానంలో నేర్పిస్తానని నేను గేటు దగ్గర చెప్పాను.

మొదటి సాయంత్రం అందరూ వచ్చారు, ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు అత్తమ్మ చీర గోచి పోసుకుని, "మొండి పొట్టేలునే లొంగదీసిన, ఇదెంత" అని సీటెక్కింది. నేను వెనక పట్టుకుని ఉరికాను. చెయ్యి వదిలాక పది గజాలు తిన్నగా పోయి, బ్రేకు సంగతి మరిచి ఇసుక కుప్పలో దిగబడింది. లేచి ఇసుక దులుపుకుంటూ తనే ముందు నవ్వింది. ఇక ఆ మైదానంలో నవ్వనివాళ్లు లేరు. ఆ రోజే నలుగురు నేర్చుకోవడానికి వరస కట్టారు. నెల తిరిగేసరికి గేటు లేవగానే పట్టాలు దాటే సైకిళ్లలో సగం మావే.

ఒక ఆదివారం మా ఆయన గాభరాగా ఇంటికి వచ్చాడు. మూడు చోట్లా ఒక్క లేడీస్ సైకిల్ లేదు. ఇద్దరం టీకొట్టుకు పరిగెత్తాం. కోదాడ ఆవిడ తాపీగా చెప్పింది. "ఎవరూ ఎత్తుకుపోలేదండీ. మిల్లులో ఒకావిడ కూతురికి ఓణీల ఫంక్షనంట, ఆడాళ్లందరూ వేములపల్లి వెళ్లారు. ముందు బండి మీ అత్తగారిదే."

ఊరి చివరికి పోయి నిలబడ్డాం. పొద్దు వాలుతుండగా వరిచేల మధ్య రోడ్డు మీద వాళ్లు బారుగా వస్తుంటే చూశాం. కొత్త చీరలు, తలలో పూలు, ఎదురొచ్చే లారీవాళ్లు కూడా పక్కకు తీసి దారి ఇస్తున్నారు. మా ఆయన కోప్పడదామనే నిలబడ్డాడు గానీ, వాళ్లు దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తి చప్పట్లు కొట్టాడు.

మేము ఆ సైకిళ్లను చాలా ఏళ్లు తిప్పాం. పోనుపోను గేటు దగ్గరి ఆడవాళ్లు ఒక్కొక్కరే సొంత సైకిళ్లు కొనుక్కున్నారు. కొత్త సైకిల్ కొన్న ప్రతి ఒక్కరూ ముందు మా ఇంటి ముందుకు తెచ్చి, అత్తమ్మ చేత బెల్లు కొట్టించుకుని పోయేవారు.