నిలవని అంకె

2023 మార్చి 9, గురువారం, మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలు. కాటా మేస్త్రి ఫోను తెర మీద పదకొండు వైఫై పేర్లు ఉన్నాయి. వాటిలో "ఇక్కడే" అన్న పేరు లేదు.

నగల దుకాణం వారు సరిచూడమని ఇచ్చిన కాటా మీద పెట్టబోతున్న చిన్న తూకపురాయిని ఆయన తిరిగి పెట్టెలో దాని గుంటలోనే పెట్టాడు. అంత ఆందోళనలోనూ రాయిని పట్టకారుతోనే పట్టుకున్నాడు. వేలి చెమట కూడా బరువేనన్నది ఆయనకు పని నేర్పినవారు చెప్పిన మొదటి మాట. తరువాత ఫోను మళ్ళీ చూశాడు. పక్కనున్న మందుల షాపు పేరుంది, మొదటి అంతస్తులోని ట్యూషన్ సెంటరు పేరుంది. భార్య మెడలో గుడ్డసంచిలో వేలాడే ఫోను పేరు మాత్రం లేదు.

ఆ పేరు పక్కన ఏ అంకె ఉండాలో ఆయనకు తెలుసు. ఆయన దుకాణం ఆ భవనంలో కింది వరసలో ఉంది. ఇల్లు సరిగ్గా దాని నెత్తిన, రెండో అంతస్తులో. రెండు స్లాబులు దాటి కిందికి వచ్చే ఆ సంకేతం మైనస్ డెబ్బైకీ డెబ్బై అయిదుకూ మధ్య ఆడుతూ ఉంటుంది. ఆమె బాల్కనీలోకి వస్తే కాస్త బలపడుతుంది, వంటింట్లోకి వెళితే సన్నగిల్లుతుంది. అసలు కనబడలేదంటే ఆమె ఇంట్లో లేనట్టే.

ఆమెది రఫూ పని. చిరిగిన బట్టలోంచే దారం లాగి, ఆ చిరుగును అదే దారంతో నేసేది. బాగుచేసిన చోటు ఎక్కడో బట్ట ఇచ్చినవారికే తెలిసేది కాదు. ఎనిమిది అంతస్తుల ఆ భవనంలో రెండు భాగాల్లోనూ ఆమె చేయి పడని ఇల్లు తక్కువ. మూడేళ్ళ క్రితం మతిమరుపు మొదలైంది. చేతులు మాత్రం ఏమీ మరిచిపోలేదు. ఇంట్లో ఉన్న మంచి చొక్కానే మళ్ళీ మళ్ళీ విప్పి, నేసి, మడత పెట్టి, "ఇచ్చి వస్తాను" అని బయలుదేరేది. ఎవరికి ఇవ్వాలో ఆమెకే తెలియాలి. ఫోను చేస్తే లాభం లేదు. మెడలో మోగుతున్నది ఎదుటివారిదేమో అనుకుని, మర్యాద కోసం దాని వంక చూడకుండా నిలబడేది. మ్యాపులో చుక్క కనబడేది గానీ, ఆ చుక్క భవనం మీద ఉందని తప్ప ఏ అంతస్తులో ఉందో చెప్పేది కాదు.

దారి చూపింది ఆమె చెల్లెలే. ఆ అమ్మాయి ఊరి అవతలి కొసన ఫోన్లు బాగుచేసే కౌంటరులో పనిచేస్తుంది. కిందటి ఏడాది ఒక ఆదివారం వచ్చి రెండు ఫోన్లూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్క ఫోనులో హాట్‌స్పాట్ పెట్టింది. ఎవరూ కలవకపోతే కాసేపటికి తనంతట తానే ఆరిపోయే ఏర్పాటు ఒకటి దాని లోపల ఉంటుంది. వెతికి దాన్ని తీసేసింది. బావ ఫోనులో, ఫోను వివరాలు ఉండే చోట అడుగున బిల్డ్ నంబరు అని ఒక వరుస ఉంది. దాని మీద వేలితో టకటకా ఏడుసార్లు కొట్టింది.

"అట్లా కొడితే పాడైపోదూ?" అన్నాడు మేస్త్రి.

"తలుపు తీయమని తడుతున్నా బావా. మీరు కాటాని కొట్టరూ?"

"నేను కొట్టను. కొట్టేవాళ్ళు తెచ్చిన కాటాలు బాగుచేస్తాను."

లోపల ఒక కొత్త జాబితా తెరుచుకుంది. అందులో వైఫై సంగతులన్నీ విడమరిచి చూపమనే మీట నొక్కాక, చుట్టూ ఉన్న ప్రతి పేరు పక్కనా ఒక అంకె వచ్చి నిలిచింది. అన్నీ మైనస్‌లే. సున్నాకు ఎంత దగ్గరైతే మనిషి అంత దగ్గర అని మరదలు వివరించబోయింది. ఆయనకు అక్కర లేకపోయింది. పళ్ళెం పెట్టి సున్నా చేసిన కాటా మీద నుంచి పళ్ళెం తీసేస్తే అంకె మైనస్‌లోకే పోతుంది. ఉండవలసినది లేనప్పటి అంకె అది.

హాట్‌స్పాట్‌కు పేరు పెట్టింది మేస్త్రి భార్యే. అప్పటికి ఆమెకు తెలివి చాలావరకు నిలకడగానే ఉంది. ఎందుకు పెడుతున్నారో అడిగి తెలుసుకుని, ఫోను తీసుకుని "ఇక్కడే ఉన్నాను" అని తనే కొట్టింది. అంత పొడుగు పేరు ఫోను ఒప్పుకోలేదు. చివరి మాట తీసేసింది.

"చాల్లే. ఉన్నానని వాళ్ళకే తెలుస్తుంది" అంది.

ఈ ఏర్పాటుతో పది నెలలు గడిచాయి. జనవరిలో ఒకసారి ఆమె వీధి దాటి బస్టాపు దాకా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మరదలు ఒక తాళం కొనుక్కొచ్చి బావ చేతిలో పెట్టింది.

"ఇంకొకసారి ఇట్లా జరిగితే బయట నుంచి వేసుకోండి. వేయలేనంటారా, అక్కని నాతో పంపండి. హోమ్‌లో చేరుస్తాను. మాట ఇవ్వండి."

ఆయన మాట ఇచ్చాడు. మర్నాడు ఒక్కసారి వేసి చూశాడు కూడా. తలుపు అవతల గడియ మెల్లగా కదిలింది. ఒకే ఒక్కసారి. తరువాత చప్పుడు లేదు. ఆయన తాళం తీసి, తెచ్చి దుకాణం సొరుగులో పడేశాడు.

ఇప్పుడు ఆ సొరుగు వంక చూడకుండా మెట్లు ఎక్కాడు. ఇంటి తలుపు తెరిచే ఉంది. బుట్టలో మడత చొక్కా లేదు. మూడో అంతస్తు మలుపులో ఫోను చూస్తే, పేర్లన్నిటికీ అడుగున "ఇక్కడే" వచ్చింది. పక్కన మైనస్ 86.

ఆయన అక్కడే ఆగాడు. ఊపిరి బిగబట్టి చూశాడు. 84 అయింది. 88 అయింది. 83. మళ్ళీ 87. కదలకుండా నిలబడ్డాడు. ముల్లు ఊగుతుండగా చదవకూడదన్నది ఆయన వృత్తిలో ముఖ్యమైన నియమం. ఆ నియమం ఆయనకు మనసులో నాటింది ఎవరో కాదు, భార్యే. పెళ్ళికి ముందు, పట్టుదారం తూకంలో మోసం చేశాడని ఒక వ్యాపారి మీద మండిపడుతూ, అతన్నీ అతని కాటానీ వెంటబెట్టుకుని ఒక పిల్ల దుకాణానికి వచ్చింది. మేస్త్రి రాయి పెట్టి చూసి, కాటా సరిగానే ఉందన్నాడు. "మీరు ముల్లు ఆగకముందే చదివారు" అంది ఆ పిల్ల. మళ్ళీ పెట్టి, ఆగేదాకా చూస్తే తూకం తేడా తేలింది. వ్యాపారి కాటా వదిలేసి పోయాడు. ఆ తరువాత ముప్ఫై ఏళ్ళలో మేస్త్రి ఏ ముల్లునూ ఊగుతుండగా చదివి ఎరగడు.

అందుకని మలుపులో నిలబడే ఉన్నాడు. అంకె ఆగలేదు. కాసేపటికి పేరే మాయమైంది.

అప్పుడు మరదలికి ఫోను చేశాడు. చేయడమంటే ఇచ్చిన మాట ముందుకు తేవడమే. అది తెలిసే చేశాడు.

"అక్క కనబడటం లేదా?" అంది ఆమె, ఆయన నోరు విప్పకముందే.

"ఇందాక మూడో అంతస్తులో కనబడింది. అంకె నిలకడగా రావడం లేదు. ఆగుతుందేమోనని చూస్తున్నా."

"ఎంతసేపటి నుంచి?"

ఆయన ఫోను స్పీకరులో పెట్టి మళ్ళీ తెర చూశాడు.

"బావా, అది కాటా కాదు. మీరు రాయిలా నిల్చున్నా, అక్క బొమ్మలా కూర్చున్నా అది ఊగుతూనే ఉంటుంది. గోడలకి తగిలి తిరిగి వస్తుంది, మనిషి నడిస్తే మారుతుంది. ఆగదు. నడవండి. దగ్గరవుతున్నామా, దూరమవుతున్నామా, అంతవరకే."

"పైకా, కిందికా?"

"ఎక్కండి. పేరు వచ్చిందంటే ఫోను ఛాతీకి దగ్గరగా పట్టుకుని, ఉన్నచోటే మెల్లగా చుట్టూ తిరగండి. మనిషి ఒళ్ళంతా నీళ్ళే కదా, అడ్డుపడుతుంది. అక్క మీ వీపు వైపు ఉన్నప్పుడు అంకె సున్నాకు బాగా దూరంగా పోతుంది. అప్పుడు వెనక్కి తిరిగి నడవండి."

నాలుగో అంతస్తులో పేరు మళ్ళీ వచ్చింది. మైనస్ 79. ఆయన చెప్పినట్టే తిరిగాడు. కిటికీ వైపు 78. మెట్ల వైపు 81. లిఫ్టుకు ఎదురుగా నిలబడినప్పుడు 89. అంటే ఆమె ఉన్నది లిఫ్టుకు వ్యతిరేక దిశలో. వెనక్కి తిరిగాడు. అక్కడ రెండో భాగానికి వెళ్ళే నడవా ఉంది.

రెండో భాగంలో మరమ్మతుల కోసం అందరినీ ఖాళీ చేయించి చాలా వారాలైంది. బాల్కనీలకు తుప్పుపట్టిన కటకటాలు కోసేశారు, కొత్తవి ఇంకా పెట్టలేదు. నడవా కొసన చెక్కతలుపు నిలబెట్టి ఇనపతీగతో కట్టారు. ఆ తలుపు ఓరగా తెరిచి ఉంది. తీగను తెంపలేదు, విప్పారు. విప్పి, దారపుండలా చుట్టి, గడప పక్కన జాగ్రత్తగా పెట్టారు.

"ఎక్కడున్నారు బావా?" ఫోను అడుగుతోంది. ఆయన ఆ తలుపు లోపలికి అడుగు పెట్టాడు. మైనస్ 67. సిమెంటు బస్తాలు దాటాడు. 58. అంకె ఊగుతూనే ఉంది, ఊగుతూనే సున్నా వైపు వస్తోంది. ఆయన దాన్ని చూస్తూ, అది నిలవాలని కోరుకోకుండా నడిచాడు. మూడో వాకిలి దగ్గర 41.

లోపల గదిలో బోర్లించిన రంగు డబ్బా మీద ఆమె కూర్చుని ఉంది. ఒళ్ళో మడత చొక్కా. ఆమె వెనక బాల్కనీ, బాల్కనీ అంచున ఏమీ లేదు. గాలికి చీర కొంగు అటువైపే ఎగురుతోంది.

"చప్పుడు చేయకండి" అంది. "లాయరుగారి తలుపు కొట్టాను. వస్తున్నానన్నారు. పెద్దాయన కదా, కాస్త ఆలస్యమవుతుంది."

ఆ లాయరుగారు పోయి అయిదేళ్ళు. మేస్త్రి ఆమె పక్కగా నడిచి, ఆమెకూ బాల్కనీకీ మధ్య నేల మీద కూర్చున్నాడు.

"అయితే చూద్దాం" అన్నాడు.

ఇద్దరూ ఎదురుగా మూసి ఉన్న లోగది తలుపు వంక చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఆయన, "రేపు వద్దామా?" అన్నాడు.

"మీకెప్పుడూ తొందరే" అంది ఆమె. "ముల్లు ఆగనివ్వరు."

ఆయన తల వంచుకున్నాడు. వెలుగు తగ్గాక ఆమె తనే లేచి చొక్కా ఆయన చేతికిచ్చింది.

ఆమెను ఇంట్లో కూర్చోబెట్టి, పక్కింటావిడను కాసేపు తోడుండమని, మేస్త్రి దుకాణానికి దిగాడు. సొరుగులోని తాళం తీసుకున్నాడు. వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని నాలుగో అంతస్తుకు వెళ్ళాడు.

"కాంట్రాక్టరు తీగ చాలన్నాడు మేస్త్రిగారూ" అన్నాడు వాచ్‌మన్.

"తీగ విప్పడం మా ఇంట్లో వాళ్ళకి వచ్చు" అన్నాడు మేస్త్రి. చెక్కతలుపుకు గొలుసు చుట్టించి, తాళం వేసి, తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టాడు.

మళ్ళీ ఫోను చేస్తే మరదలు ఇంకా కంగారుగానే ఉంది. "మాట ఏమైంది బావా?"

"తాళం వేశాను."

"ఇంటికా?"

"కటకటాలు లేని చోట. ఇంటికి వేయను. ఇచ్చిన మాట తప్పాను, నువ్వు ఏమన్నా పడతాను."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఆదివారం వస్తాను" అంది. "ఆ భవనంలో ఇంకా ఎన్ని తలుపులున్నాయో చూద్దాం. అక్క ఫోను రాత్రి ఛార్జింగులో పెట్టండి. హాట్‌స్పాట్ ఆపకండి."

ఇంటికి వచ్చేసరికి ఆమె దీపం కింద కూర్చుని, అదే చొక్కా జేబు కుట్టు విప్పుతోంది. సూదిలో దారం ఎక్కించమని ఆయన వైపు చాపింది. ఎక్కించి ఇచ్చాడు. ఆమె పక్కనే కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని వైఫై పేర్లు తెరిచాడు. అన్నిటికన్నా పైన "ఇక్కడే" ఉంది.

మైనస్ 27.