పది గంటల నిప్పు

మొన్న అరకు సంతలో ఉల్లిపాయలు ఏరుతుంటే ఫోను మోగింది, అటవీశాఖ నుంచి మెసేజీ. ఆరుబయట ఏది తగలబెట్టాలన్నా అనుమతి ఉండాలట, తేదీ, సమయం ముందే ఫోన్లో ఎంచుకోవాలట. ఎదురుగా బజ్జీల పొయ్యి పొగంతా నా కళ్లలోకే వస్తోంది, అది ఏ సమయం ఎంచుకుందో మరి. నాకు మాత్రం మామ్మా, ఆమె కుండా గుర్తొచ్చాయి.

కొన్నేళ్ల కిందటి మాట. డిగ్రీ అయి ఇంట్లో కూర్చున్నాను కాబట్టి, అందరి దృష్టిలోనూ నేను ఆఫీసుల చుట్టూ తిరగడానికే పుట్టినవాణ్ణి. మా పట్టా భూమి కొండవాలు మీద ఉంది. వేసవిలో తుప్పలు కొట్టి, ఎండబెట్టి, తొలి వానకు ముందే కాల్చి, ఆ బూడిదలో చోళ్లు చల్లితేనే ఏడాదంతా అంబలి. తడిస్తే తుప్ప కాలదు, ఆ ఏటికి పంట లేనట్టే. అనుమతి కోసం అటవీశాఖ రేంజి ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. మొదటిసారి ఫొటో లేదన్నారు. రెండోసారి ఫొటోలో మామ్మ ఉంది గాని పొలం లేదన్నారు. మూడోసారి పొలం ఉంది గాని మామ్మ కళ్లు మూసుకుందన్నారు. నాలుగోసారి ఇచ్చారు: శుక్రవారం, ఉదయం పది గంటలకు, గార్డు సమక్షంలో నిప్పు పెట్టవలెను. రాజ్యం గెలిచినవాడిలా వచ్చి చదివి వినిపించాను. మామ్మ నావైపు జాలిగా చూసింది.

"పదింటికేటిరా గుంటడా? పొద్దెక్కితే గాలి కొండెక్కుతాది. పైనున్న మీ సిన్నాన్న కాఫీ తోట బుగ్గైపోద్ది. సల్లబడి గాలి దిగినప్పుడు పైనుంచి అంటించాల. డిగ్రీలో ఇది సెప్పనేదేటి?"

చెప్పలేదు.

శుక్రవారం గార్డు వచ్చాడు. మైదానం నుంచి కొత్తగా బదిలీ అయినవాడు, కాగితాన్ని పసిబిడ్డలా పట్టుకున్నాడు. గాలి ఎటో చూడమని మామ్మ గుప్పెడు బూడిద ఎగరేసింది. అది తిన్నగా పైకెక్కి అతని ఖాకీ చొక్కా మీద వాలింది.

"నిజమే మామ్మా. కానీ కాగితంలో పది అనుంది. ఇప్పుడు పెట్టకపోతే అనుమతి పోయినట్టే. మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి."

అనంతగిరి వైపు నల్లమబ్బు కమ్ముతోంది. మళ్లీ దరఖాస్తంటే మళ్లీ మామ్మ కళ్లు. నేను తల పట్టుకున్నాను.

"పొలంలో నిప్పెట్టమన్నాడు గదా బాబూ, తుప్పలకే ఎట్టమన్నాడేటి?" అంది మామ్మ.

గార్డు కాగితం రెండుసార్లు చదివాడు. అలా రాసి లేదు. మామ్మ పొలంలోనే గీకి శుభ్రం చేసిన చోట మూడు రాళ్లు పెట్టి, వాటి మీద పాత కుండ ఉంచి, అందులో నిప్పు రాజేసింది. సరిగ్గా పది. గార్డు ఫొటో తీశాడు. ఈసారి మామ్మ గుడ్లప్పగించి మరీ నిలబడింది.

తర్వాత రోజంతా, గాలి దిగేదాకా నిప్పు ఆరిపోకుండా ఆ కుండకి ముగ్గురం కాపలా. అంబలి తాగుతూ మబ్బును చూస్తూ కూర్చున్నాం. అది దగ్గరపడుతున్నకొద్దీ నా వేళాకోళాలు కూడా ఆగిపోయాయి. రెండు చినుకులు పడగానే గార్డు టోపీ తీసి కుండకు అడ్డం పట్టాడు.

"ఏటి సేత్తన్నావు బాబూ, టోపీ కాలిపోద్ది!"

"కాలితే దానికీ దరఖాస్తు పెడతాలే మామ్మా."

చినుకులు అంతటితో ఆగాయి. ఐదవుతుండగా ఎగరేసిన బూడిద కిందికి దిగింది. ఊళ్లోవాళ్లు పచ్చికొమ్మలతో అంచుల్లో నిలబడ్డారు. మామ్మ కుండ మోసుకెళ్లి పైనుంచి అంటించింది. మంట మెల్లగా దిగి, పొలం అడుగున ముందే తుప్ప లేకుండా గీకి ఉంచిన గీత దగ్గర బుద్ధిగా ఆగింది. తెల్లారేసరికి వాన. గార్డు తన రిపోర్టులో 'ఉదయం పది గంటలకు నిప్పు పెట్టడమైనది' అని రాసుకున్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

సంత నుంచి వచ్చి మామ్మకు ఫోను చూపించాను. ఏ సమయం ఎంచుకోమంటావని అడిగాను.

"కుండుంది గదా. ఏదోటి బేగి నొక్కు."

పది నొక్కాను. మా కొండ మీద ఉదయం పది గంటలు ఇప్పటికీ సాయంత్రం ఐదింటికే అవుతాయి.