ఐలయ్య కాకను నడిపించిన రోజు

చాలా ఏళ్ళుగా ఒక మాటను లోపలే మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా దాన్ని దాటేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

వరంగల్‌లో ఒక సర్కారు దవాఖానలో ఫిజియోథెరపిస్టును నేను. కాలు పోయినవాళ్ళకు నడక నేర్పడం నా పని. అప్పట్లో మాకు కొత్త పద్ధతి వచ్చింది. తొడ ఎముకలోకే లోహపు కడ్డీ దించి, చర్మం దాటి బయటికి వచ్చిన దాని కొసకు కృత్రిమ కాలు తగిలిస్తారు. ఆ చోటును రోజూ ఉప్పునీళ్ళతో కడగాలి. కాస్త తడి కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఐలయ్య కాక కేసముద్రం మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ. లారీ కింద పడి కాలు పోయింది. పాత రకం కాలు తొడను ఒరుసుకుని పుండ్లు చేసింది. మళ్ళీ యార్డుకు పోవాలన్న ఒక్క ఆశతో కడ్డీకి ఒప్పుకున్నాడు.

ఈ పద్ధతి కొనసాగించాలా వద్దా తేల్చడానికి హైదరాబాద్ నుంచి డాక్టర్లు వచ్చారు. వాళ్ళ ముందు కాక నడిచి చూపించాలి. తెర వెనక ఆయన కట్టు మారుస్తున్నాను. గుడ్డ తడిసి ఉంది. వాసన కూడా.

"ఎముకల గుంజుతాంది బిడ్డా. చీము కారుతాంది. పెద్ద సార్లకు చెప్పాల్నా?"

"ఇయ్యాల చెప్పకు కాకా. జర నడిచి చూపియ్యి. రేపు నేనే చూపిస్త."

"నువ్వున్నంక నాకేం ఫికర్ బిడ్డా."

నడిచాడు. పళ్ళు బిగపట్టి, నవ్వుతూ. నొప్పి ఉందా అని డాక్టరు అడిగితే నా వైపు చూసి లేదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఎందుకు చేశాను? ఈ కాలు కోసం ఎదురుచూస్తున్న మిగతావాళ్ళ కోసమని ఇన్నాళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. పెద్దవాళ్ళు నన్ను మెచ్చుకోవాలి, నా కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంట్ కావాలి, అంతే. మర్నాడు నేనే చూపిస్తానన్నదాన్ని, ఆయన్ని ఊరికి పంపేస్తుంటే ఊరుకున్నాను. తర్వాత ఫోన్ కూడా చేయలేదు. సిగ్గులేనిదాన్ని.

జ్వరంతో తిరిగొచ్చేసరికి చీము ఎముకంతా పాకింది. కడ్డీ తీసేసి తొడను ఇంకా పైకి కోశారు. ఇక ఏ కాలూ తగిలించడానికి చోటు లేదు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఎందుకిలా అయిందని డాక్టరు అడిగితే, ఆయన భార్య ముందే, సరిగా కడుక్కోలేదు సార్ అన్నాను. కాక తల వంచుకున్నాడు. నేను చెప్పొద్దన్న సంగతి దాచి నన్ను కాపాడుతున్నాడనుకున్నాను. కాదు. నా మాట నమ్మాడు. ఇప్పటికీ మందులకు వచ్చినప్పుడల్లా, కొత్తగా కడ్డీ వేయించుకున్నవాళ్ళ మంచాల దగ్గర చక్రాల కుర్చీ ఆపి చెప్తాడు, "బిడ్డ చెప్పినట్టు కడుక్కోండ్రి. నా లెక్క చెయ్యకుండ్రి." నేను అక్కడే నిలబడి వింటాను.

ఆయనకు నిజం చెప్తానా? తెలియదు. క్షమించమని అడిగే మొహం లేదు. కానీ ఒక్కసారైనా ఇది రాయాలి. ఐలయ్య కాక రోజూ శుభ్రంగానే కడుక్కున్నాడు. చీము సంగతి వేళకే చెప్పాడు. చెప్పొద్దన్నది నేను.

రాశాను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.