ఆలస్యంగా కొట్టిన మధ్యాహ్నపు గంట

ఇరవయ్యేళ్ళుగా ఒక మాట నా గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. పాస్టరుగారికి చెప్పలేదు. నా భార్య పోయేముందు ఆమెకైనా చెబుదామనుకున్నాను, చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముఖం చూసి చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్ళు మోసేవాణ్ణా?

మాది ఇందుకూరుపేట దాటాక, సముద్రం దగ్గర్లో చిన్న ఊరు. పెన్న నీళ్ళు కాలవలో పడి, ఎందరి పొలాలనో తడిపి, ఆఖరున మా దగ్గరికి వస్తాయి. వచ్చేసరికి మోకాలి లోతు కూడా ఉండవు. అందుకే వంతులు పెట్టుకున్నాం. అప్పటికి సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ రాలేదు. వంతు మారడానికి గుర్తు మా చర్చి గంట. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా నీళ్ళు నా కయ్యకు, అంటే నా వరిమడికి. పన్నెండు గంట వినగానే కింది కయ్య రూతమ్మ నా కయ్యలోకి నీళ్ళొచ్చే మడవ కట్టేసి తన మడవ తీసుకునేది. సాయంత్రం ఆరు దాకా ఆమె వంతు. రూతమ్మ అన్నది అసలు పేరు కాదు, అలా అనుకోండి. ఆమె భర్త పడవ మీద వేటకు పోయేవాడు. సేద్యమంతా ఆమెదే. ఆ అరెకరమే వాళ్ళ తిండి.

చర్చిలో గంట కొట్టేది నేను.

ఆ ఏడు కాలవ సన్నబడింది. వరి పొట్ట మీద ఉంది. నా కయ్యలో ఒక మూల మెరక, అక్కడికి నీళ్ళు ఎక్కడం లేదు. ఒక మధ్యాహ్నం తాడు పట్టుకుని నిలబడ్డాను. ఆ మూల కాస్త తడవనీ అనుకున్నాను. పది నిమిషాలు ఆగి కొట్టాను. ఎవరూ అడగలేదు. గంట కొట్టేవాణ్ణి ఎవరడుగుతారు? తరవాతి వంతుకు ఇరవై నిమిషాలు. నెల తిరిగేసరికి ముప్పావుగంట. కునుకు పట్టిందనో, మరచిపోయాననో మీతో చెప్పవచ్చు. కాదు. గోడ గడియారానికి ఎదురుగా బెంచీ మీద కూర్చుని, ముల్లు కదలడం చూస్తూ ఆగాను. సాయంత్రం ఆరు మాత్రం సరిగ్గా ఆరింటికే కొట్టాను.

ఒకరోజు రూతమ్మ చర్చి మెట్ల దగ్గరికి వచ్చింది. కాళ్ళకు బురద, కొంగు నెత్తిమీద.

"అన్నా, ఏమనుకోబాక. గంట లేటుగా మోగతా ఉందా? నా నీడ కాళ్ళకింద నించి పక్కకు జరిగినాక గానీ వినబళ్ళేదే."

అప్పుడే చెప్పి ఉండవచ్చు. తిట్టేది, ఏడ్చేది, అంతే కదా. నేనేం చేశానో తెలుసా?

"దేవుడి గంటనే అనుమానిస్తావా రూతమ్మా? నీ విశ్వాసం ఇంతేనా?" అన్నాను.

ఆమె ముఖం తెల్లబోయింది. "తప్పయిపోయిందన్నా. నా బుద్ధే మంచిది కాదు. క్షమించు," అంది.

"సరేలే, ప్రార్థన చేసుకో," అన్నాను. పెద్దమనిషిని కదా!

చర్చిలో కోత పండుగకు నేను కానుకగా నిండు వడ్ల బస్తా తెచ్చాను. ఆమె చేటలో కాసిని వడ్లు తెచ్చింది, సగం తాలే. పాస్టరుగారు నా పేరు చెప్పి మరీ స్తోత్రం చేశారు. మరుసటి ఏడు ఆమె ఆ నేలను రొయ్యల గుంటకు ఇచ్చేసింది. ఉప్పు పట్టింది, ఇక వరికి రాదు. ఇప్పుడు కంపెనీ వ్యాన్ ఎక్కి రొయ్యలు ఒలవడానికి పోతుంది. ఐసులో పెట్టీ పెట్టీ ఆమె వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు.

ఆ ఏడు నీళ్ళే తక్కువ, ఎలాగైనా ఆమె పంట పోయేదేమో అని నాతో నేను ఎన్నిసార్లు వాదించుకున్నానో. కానీ నా మెరక మూల పండింది. ఆ నీళ్ళు ఎక్కడివి?

పోయిన ఆదివారం చర్చికి కరెంటు గంట పెట్టారు. నన్ను పిలిచి శాలువా కప్పారు. రూతమ్మను రెండు మాటలు చెప్పమన్నారు. "ఒకసారి అన్నను అనుమానించినా. ఆ రోజు నించి నీడ చూసుకోడం మానేసినా. అన్న గంటే నాకు టైము," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గేసింది. ఆమె పొలం సంగతి సరే, ఆమె కళ్ళ మీద ఆమెకున్న నమ్మకాన్ని కూడా నేనే తీసుకున్నాను.

శాలువా మడత విప్పలేదు. క్షమించమని ఆమెను అడిగే నోరు నాకు లేదు, అప్పట్లో ఆమెచేతనే అడిగించుకున్నాను కనక. ఈ కాగితం మీదైనా ఒక్కసారి రాసి చూస్తాను. ఇది రాస్తుంటే ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది, అంతే.

గంట ఆలస్యంగానే మోగింది రూతమ్మా. నేను కావాలనే ఆగాను. నీ నీడ చెప్పిందే నిజం.