రాయి అని రాయలేదు

దేవకుమారి ఆశా కార్యకర్తగా చేరి పద్నాలుగేళ్లయింది. ఊళ్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ ఆశమ్మే. మార్టూరుకు ఆటోలో ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఒకవైపు మిరప చేలు, ఇంకోవైపు గ్రానైటు రాయి కోసి నునుపు పెట్టే షెడ్లు. ఎవరు కాన్పుకు సిద్ధంగా ఉన్నారో, ఎవరి పిల్లకు ఏ సూది తప్పిందో ఆమెకు నోటికి వచ్చు. అయితే ఆమె పేరు మోగింది మాత్రం టీబీ మాత్రలతోనే.

టీబీ మాత్ర చేతికిచ్చి వచ్చేస్తే కుదరదు, ఎదురుగా నిలబడి మింగించాలని ట్రైనింగులో చెప్పారు. చాలామంది ఆ మాటను ట్రైనింగులోనే వదిలేసి వచ్చారు. దేవకుమారి వదల్లేదు. మాత్ర మింగాక నోరు తెరిపించి, "నాలిక ఎత్తు" అనేది. మిరపకోతలకు పోయిన ఆడవాళ్లను వెతుక్కుంటూ గట్ల మీద నడిచి, ఆ ఘాటులో తుమ్ముతూ నిలబడి మరీ మింగించేది. ఒంటేలు ఎర్రగా వస్తోంది, రక్తం పోతోందని ఏడ్చేవాళ్లకు, అది మందు రంగని నవ్వుతూ చెప్పేది. మధ్యలో మానేసినవాడు ఆమె జాబితాలో ఒక్కడూ లేడు. ఆ సంగతి ఆమెకు కాస్త గర్వంగానే ఉండేది. ఉండదా మరి, తిండీ తిప్పలూ మాని చేసిన పని!

ఆ గర్వమే చివరకు ఇంటి మీదికి వచ్చింది.

తమ్ముడు ప్రభు ఆమెకంటే తొమ్మిదేళ్లు చిన్న. తల్లి పోతే ఈమే పెంచింది. పురుగుమందు కొట్టే పనికి పంపలేక, నీడపట్టున ఉంటాడు కదా అని రాయి షెడ్డులో తనే చేర్పించింది. నీళ్లు పారించుకుంటూ కోయాల్సిన రాయిని అంచుల దగ్గర పొడిగానే కోసేవాళ్లు. సాయంత్రానికి పిండిమరలో నుంచి వచ్చినవాడిలా ఇంటికి చేరేవాడు. పదకొండో ఏడాది దగ్గు పట్టుకుంది. కళ్లె పరీక్షలో టీబీ పురుగు కనిపించలేదు. ఎక్స్‌రేలో మచ్చలున్నాయని అప్పటి డాక్టరు టీబీ మాత్రలు మొదలుపెట్టాడు. ఆరు నెలలూ అక్కే మింగించింది. చివర్లో "నయమైంది" అన్న చీటీ కూడా తనే తెచ్చి ఇచ్చింది. ఆ చీటీ చూపిస్తేనే షెడ్డులోకి రానిస్తారు. చూపించాడు. మళ్లీ అదే మిషను దగ్గర నిలబడ్డాడు.

ఏడాది తిరగకుండానే దగ్గు తిరిగొచ్చింది. కళ్లెలో ఈసారీ పురుగు లేదు. అయినా పాత జబ్బు పేరే మళ్లీ ఎక్కింది, మాత్రలూ మళ్లీ మొదలయ్యాయి. ఈలోపు ఆసుపత్రికి భవ్య అనే చిన్న వయసు డాక్టరమ్మ వచ్చింది. ఎక్స్‌రేను కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"మీ తమ్ముడు ఏం పని చేస్తాడండీ?"

"రాయి పని మేడమ్."

"అయితే ఇది టీబీ కాదనుకుంటానండీ. రాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఈ మాత్రలకి పోయేది కాదు. ముందు ఆ దుమ్ములోంచి బయటికి తీసుకురండి."

"మరైతే రాయి అని రాయండి మేడమ్."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "నేను రాస్తే చెల్లదండీ. ఆ మాట జిల్లా ఆసుపత్రిలో డాక్టర్ల బోర్డే రాయాలి."

దేవకుమారి తిన్నగా షెడ్డు మేనేజరు మొహిద్దీన్ బాషా దగ్గరికి పోయింది. అతను చెడ్డవాడేం కాదు. తన చేతికి మట్టి అంటకుండా మంచి చేయాలనుకునే రకం.

"ఆశమ్మా, దుమ్ములో పెట్టొద్దని పెద్ద డాక్టర్లు రాసిస్తే రేపే గేటు దగ్గర కూర్చోబెడతా. కాయితం లేకుండా కూర్చోబెడితే రేపు అందరూ గేటు కాడికే వస్తారు. నువ్వే చెప్పు, రాయి ఎవరు కోస్తారు?" అన్నాడు.

అంటే ఒక్క మాట కావాలి. కాగితం మీద ఒకే ఒక్క మాట. అది పడితే తమ్ముడు నీడలో కుర్చీ వేసుకుని బతికినన్నాళ్లు బతుకుతాడు. పడకపోతే దుమ్ములోనే పోతాడు. ఆ ఒక్క మాట కోసం ఆమె తమ్ముణ్ని వెంటబెట్టుకుని మూడుసార్లు బోర్డుకు తిరిగింది. మొదటిసారి, షెడ్డులో పనిచేసినట్టు రుజువేదన్నారు. బాషా పుస్తకంలో కూలీలు అని ఉంటుందే గాని కూలీల పేర్లుండవు. రెండోసారి ఊపిరితిత్తుల డాక్టరు సెలవులో ఉన్నాడు. మూడోసారి గుమస్తా కంప్యూటరులో చూసి ముఖం చిట్లించాడు.

"ఇతను టీబీ పేషెంటు కదమ్మా. మందు నడుస్తోంది. అది పూర్తయ్యేదాకా ఇంకో జబ్బుకి ఫైలు తీసుకోం."

"అది టీబీ కాదని మా డాక్టరమ్మ చెప్పిందండీ."

"ఒక్కరోజు తప్పకుండా మింగినట్టు ఎంట్రీలున్నాయి. అన్నీ మీ పేరు మీదే ఉన్నాయి. దేవకుమారంటే మీరే కదా?"

అవునంది. ఇంకేమంటుంది? అశ్రద్ధగా చేసినవాళ్ల తమ్ముడైతే ఈపాటికి మానేశాడని కొట్టేసి ఉండేవాళ్లేమో. మందు ఆపించుదామా అని ఆ రాత్రంతా ఆలోచించింది. ఒకవేళ టీబీ కూడా ఉంటే? తన చేత్తో తమ్ముణ్ని చంపుకున్నట్టే అనుకుంది. ఆపలేదు. ప్రభు పనీ ఆపలేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా.

మూడు నెలలు గడిచేసరికి అతను పడుకోలేకపోయాడు. మంచం మీద దిండు ఒళ్లో పెట్టుకుని, దాని మీద నుదురు ఆనించి కూర్చుని ఊపిరి లాగేవాడు. అక్క మాత్రలు తెస్తే, "నాలిక ఎత్తమంటావా అక్కా?" అని నవ్వబోయి దగ్గేవాడు. ఆమెకు ఆ గది విడిచి పారిపోవాలనిపించేది. ఒక ఆదివారం, చర్చిలో పాటలు ఇంకా అవుతుండగానే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఐదో రోజున ఆసుపత్రి టీబీ సూపర్వైజరు జక్రయ్య వచ్చాడు. బెంచీ మీద కూర్చుని, రెండు మంచి మాటలు చెప్పి, ఫోను తీశాడు.

"దేవమ్మా, మన పంచాయతీని టీబీ లేని పంచాయతీ కింద పేరు పంపించాం. ఈ ఏడు టీబీ చావు ఒక్కటున్నా సర్టిఫికెట్టు రాదు. మీ తమ్ముడిది టీబీ కాదని నువ్వే కదా ఇన్నాళ్లూ మొత్తుకున్నావు. మేడమ్ కూడా అదే అంటున్నారు. అందుకని ఆ లిస్టులోంచి తీసేస్తున్నాం. ఇక్కడో సంతకం పెట్టమ్మా."

చచ్చినవాడి కళ్లు చారెడన్నారు. బతికుండగా మూడుసార్లు తిరిగినా దొరకని నిజం, చచ్చాక బెంచీ దగ్గరికే నడిచొచ్చింది.

"మరి దేంతో పోయాడని రాస్తారండీ?"

"ఇతర కారణాలు."

"రాయి అని రాయండి సార్."

జక్రయ్య ఫోనులో వేలితో పైకీ కిందికీ జరిపి చూశాడు. నిజంగానే వెతికాడు పాపం. "అట్టాంటిది ఇందులో లేదమ్మా" అన్నాడు.

దేవకుమారి సంతకం పెట్టింది. జక్రయ్య వెళ్లాక, తలుపు పక్కన నిలబడి అంతా విన్న ప్రభు భార్య స్తుతి బయటికి వచ్చింది.

"టీబీ కాదంట కదా వదినా."

"కాదమ్మా."

"మరి రెండుసార్లు ఎందుకు మింగించావు?"

స్తుతి గొంతులో కోపం లేదు. తెలియక అడిగింది.

మర్నాడు ఉదయం ఏడు గంటలకు దేవకుమారి మాలిక్ ఇంటి ముందు నిలబడింది. అదే షెడ్డులో రాయి కోస్తాడు, ముగ్గురు ఆడపిల్లల తండ్రి. కళ్లెలో పురుగు లేదు, ఎక్స్‌రేలో మచ్చలున్నాయి. పోయిన వారమే అతని పేరు టీబీ జాబితాలో ఎక్కింది. మాత్రలు అరచేతిలో వేసుకుని ఆమె ముఖంలోకి చూశాడు.

"ప్రభుకి కూడా ఇవేగా ఆశమ్మా?"

"ఇవే బాబూ" అంది దేవకుమారి. నీళ్ల గ్లాసు అందించి, "మింగు" అంది.